కామ్ అను మాట

ఒక భాషలోని మాట మరియొక భాషలోనికి వచ్చునపుడు తన యర్థమునంతయు వెంట దెచ్చుకొనదు. పుట్టింటి సొమ్ములలో కొన్నింటిని అచ్చటనే విడిచి, మెట్టినింటివారి యలవాటునకు దగినట్లు మెలగ నేర్చుకొనును. ఇది వింతయు గాదు, తప్పును గాదు. మన భాషలోని సంస్కృత, పారసీక, పోర్చుగీసు పదములన్నియు నిట్లే మనవి యైనవి. కాని యొక్కొక్కప్పుడు విడిచివచ్చిన భాగమే ముఖ్యమైన దగును. అప్పుడు మిగిలిన యర్థము మొదటిదానికి విరుద్ధమై, ఆ మాటను వాడువారి నడవడికే కొంత హాని చేయును. అట్టి మాట యొకదానిని గూర్చి యిచ్చట విచారింప దలచినాము. అది మనస్సు కలత చెందని స్థితిని దెలుపు నాంగ్లేయ విశేషణము, ‘కామ్’. ఆంగ్లేయమున దాని వ్రాతలో లకారముండును గాని పలుకున వినబడదు. మనవారు పలుకునే పుచ్చుకొనిరి.

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము అను మూడూళ్లును బెంగుళూరునకు బోవు నొకే యినుపదారిమీద వరుసగా నున్నవి. ధర్మవరమున బండి యెక్కినవాడు హిందూపురమున దిగులోపల ఈ మాటను పెక్కుసారులు వినగలడు. పిల్లవాడల్లరి చేసిన తల్లి ‘కామ్‌గా కూర్చోరా’ యనును. ఇద్దరు వాదులాడుచుండగా నడుమ బోయినవానిని ప్రక్కవాడు ‘నీకెందుకప్పా, కామ్‌గా ఉండు’ అని వారించును. సభలో లెక్క యడిగినవాడు పెద్దల మొగము చూచి మరల గూర్చున్నచో ‘వాడు కామ్ అయిపోయినాడు’ అందురు. ఎవరికిని దెలియనీక తన పని చక్కబెట్టుకొన్నవానిని ‘కామ్‌గా కానిచ్చుకొన్నాడు’ అందురు. ఇంగ్లీషు బడి గడప దొక్కనివారును ఈ మాట నెరుగుదురు. ఇది యీ మూడూళ్ల సొత్తు మాత్రమే కాదు, తెలుగునాట నంతటను గలదు. అయినను ఈ ప్రాంతమున దీనికి గుదురు ముందే యేర్పడియున్నదని మా తలంపు. ఆ సంగతి ముందు చెప్పెదము.

పై వాడుకలను విడదీసి చూచినచో మూడర్థములు గానవచ్చును. మాటాడకుండుట మొదటిది. జోక్యము చేసికొనకుండుట రెండవది. బయట బడనీయకుండుట మూడవది. ఈ మూడింటిలో నేదియు ఆంగ్లేయమున నా మాటకు ముఖ్యార్థము కాదు. ఆంగ్లేయులు మాటాడకుండుటకు వేరు మాట, కదలకుండుటకు వేరు మాట, సద్దు లేకుండుటకు వేరు మాట గలిగియున్నారు. ‘కామ్’ అనునది వీనిలో నేదియు గాదు. ఒకడు గంటసేపు సభలో మాటాడి, ప్రతి యాక్షేపణకును బదులు చెప్పి, చివరవరకు స్వరము తప్పకున్నచో వానిని వారు ‘కామ్’ అందురు. మరియొకడు పెదవి గదల్పక మూల గూర్చుండి లోలోపల నుడుకుచున్నచో వానికి ఆ మాట చెల్లదు. తుపానులో పడవ నడుపువానికి అది తగును, దుప్పటి ముసుగు బెట్టుకొని వణకువానికి దగదు. కావున నది నాలుకకు సంబంధించిన మాట గాదు, మనస్సునకు సంబంధించిన మాట.

ఈ మాట పుట్టుక విన్న మన సీమవారికి నవ్వు వచ్చును, పిదప నాలోచన గలుగును. గ్రీకు భాషలో ‘కౌమ’ యనగా మండుటెండ, కాల్చు వేడి. ఆ భాషలోనే కాల్చుట యను క్రియనుండి యది పుట్టినది. కడపటి కాలపు లాటినులో నది నడిమింటి సూర్యుని తాపమునకు బేరైనది. ఇటలీ మొదలగు మధ్యధరా తీరములందు ఆ యెండవేళ పనివారు పని నిలిపి నీడ జేరుదురు, గాలి పడిపోవును, సముద్రము పలకవలె నుండును. అందుచే వేడిని దెల్పిన మాటయే ఆ వేడివేళ గలుగు విశ్రాంతిని, గాలి లేని సముద్రమును దెలుపసాగెను. ఇటలీ నుండి ఫ్రాన్సునకు, అచ్చటినుండి పదునాలుగవ శతాబ్దమున నింగ్లండునకు అది ప్రయాణము చేసెను. అచ్చట మొదట గాలికిని, నీటికిని మాత్రమే చెల్లి, రెండు వందల యేండ్ల పిమ్మట మనుష్యుల మనస్సునకు విశేషణమైనది. భాషాశాస్త్రజ్ఞులు సామాన్యముగా నంగీకరించిన చరిత్ర యిది.

నావికుల మాట యగుటచే దానికి రెండు ముఖము లేర్పడినవి. రేవు జేరిన పడవకు నిశ్చలమైన నీరు వరము. నడికడలిలో తెరచాపను నమ్ముకొన్న యోడకు అదియే శాపము. భూమధ్యరేఖ చెంత గాలి చాలించిన తావులలో ఓడలు వారములకొలది నిలిచిపోయెడివి, త్రాగునీరు తరుగెడిది, నావికులు రోగముల పాలయ్యెడివారు. 1805లో ఫ్రాన్సిస్ బోఫర్టు అను నాంగ్లేయ నౌకాధికారి గాలి బలమును గొలుచుటకు మెట్లు గల పట్టిక నొకదానిని వ్రాసెను. దాని పై మెట్టు ప్రచండ వాయువు, దాని క్రింది మెట్టు సున్న. ఆ సున్నకు బేరు ‘కామ్’. ఆ నిశ్చలత్వము శుభమా, యశుభమా యన్నది ఓడ యెచ్చట నున్నది, ఎచ్చటికి బోవలసియున్నది యను దానినిబట్టి యుండును. ఈ సంగతిని జదువరులు గుర్తుంచుకొందురుగాక.

ఇక మన మాటల వైపు తిరుగుదము. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రము గల సీమ యిది. వేసవిలో పగటిపూట రాళ్ల గుట్టలు సెగలు గ్రక్కును. ఇట్టి చోట శాంతిని దెలుపు మాటలు చల్లదనమునుండియు, నీటినుండియు బుట్టుట సహజము. కోపము చల్లారును, కడుపు చల్లనగును, తల్లి చల్లనిది, చూపు చల్లనిది. బురద యడుగంటగా నీరు తేటపడును, మనస్సును తేటపడును. నిర్మలము నుండి వచ్చిన నిమ్మళము మన యిండ్లలో నిత్యము వినబడు మాట. మబ్బు లేని తేట యాకాశమును దెల్పు లాటిను మాట నుండి ఆంగ్లేయులును ప్రశాంతతకు మరియొక విశేషణమును జేసికొన్నారు గాన మానవుల యూహ దూరదేశములందును నొకే త్రోవ ద్రొక్కునని తెలియుచున్నది. ఇవిగాక కుదురు, నిలుకడ, నెమ్మది, తాలిమి, స్థిమితము గలవు. వీని యన్నింటికంటె గొప్పది నిబ్బరము. ఆపద వచ్చినపుడు గుండె జారనీయని గుణము నిబ్బరము. ఆంగ్లేయుల ‘కామ్’ మనుష్యునకు జెల్లినపుడు దానికి దగిన తెలుగు మాట యిదియే యని మా యభిప్రాయము.

ఇన్ని మాటలుండగా ఆ పరభాషా పదమేల వచ్చినది? వచ్చి, వీనిలో నొకదాని స్థానమునైన నాక్రమింపక, నోరు మూసికొనుట యను నర్థమున నేల నిలిచినది? సీమలో ‘గమ్మున ఉండు’ అను పలుకుబడి కలదు. కోస్తా జిల్లాలలో గమ్మున యనగా త్వరగా నని యర్థము. ఇచ్చట మాత్రము పలుకక యూరకుండుట యని యర్థము. పొరుగునున్న తమిళ కన్నడములలోను దీనికి జుట్టములు గలవు. హిందూపురము వంటి సరిహద్దు పట్టణమున తెలుగు, కన్నడము, ఉర్దూ నొకే యంగడి ముందు వినబడును. కన్నడిగుడు ‘సుమ్మనె’ యన్నచోట తెలుగువాడు ‘గమ్మున’ యనును. బడులనుండియు, కార్యాలయములనుండియు వచ్చిన ‘కామ్’ ధ్వనిచే గమ్మునకు దగ్గరదై, దాని గూటనే గ్రుడ్లు పెట్టినదని మేము తలంతుము. ఇది మా యూహయే. కాని, ధ్వని కలియుట యొక్కటే చాలునా? అధికారము గలవారు నిశ్శబ్దమునే శాంతియని పిలుచుట యను నలవాటు దీనికి దోడుపడినది. ఆ యలవాటునకు ఈ ప్రాంతపు చరిత్రలోనే తార్కాణలు గలవు.

1565లో రాక్షస తంగడి యుద్ధమున విజయనగరము కూలెను. అళియ రామరాయలు మడిసెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను వెంటగొని పెనుకొండ జేరి దానిని రాజధానిగ జేసికొనెను. ఊరు పోయినది, సేన చెదరినది, అన్న పోయినాడు. అట్టివేళ నేడ్చుచు గూర్చున్నను లోకము తప్పుపట్టకుండెడిది. కాని మిగిలిన రాజ్యమును మూడు భాగములుగ జేసి కుమారుల నొక్కొక్కరి నొక్కొక్కచోట నిలిపి కాపాడుటకు బ్రయత్నము జరిగెను. 1577 ప్రాంతమున బీజాపురపు సేన పెనుకొండను ముట్టడించి సాధింపలేక మరలెను. పిమ్మట వేంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చువరకు ఈ కొండయే కర్ణాట సామ్రాజ్యమునకు ఊతకోలగా నుండెను. తిరుమలరాయలు చేసిన పనులన్నియు మెచ్చదగినవని మేము చెప్పము. సదాశివరాయలను ప్రక్కకు ద్రోసి తానే రాజనిపించుకొన్న మాట చరిత్రలో నున్నది. కాని దెబ్బ తిన్న మరునాడు చేయవలసిన పనిని వెదకికొనుట నిబ్బరము. దానిని మౌనమని యెవరును బొరబడరు.

ఇంక రెండవ విధమైన శాంతిని జూతము. 1800 అక్టోబరులో నైజాము ప్రభువు తన యొద్దనున్న సైన్యపు వ్యయమునకై ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదలుకొనెను. అందుచేతనే దత్తమండలములను పేరు వచ్చినది. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగ వచ్చి 1807 వరకు నుండెను. అప్పుడీ మండలమున సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రుండిరి. వారిలో ననేకులు గ్రామములను దోచుకొనువారే గాన వారి బలము నణచుట రైతునకు గొంత మేలే యయ్యెను. దాని నెవ్వరును గాదనరాదు. కోటలు కూల్చబడినవి, బంట్లు చెదరిరి, సీమ సద్దుమణిగినది. కంపెనీ దొరల పరిభాషలో సీమ ‘ప్రశాంత’మైనది. కాని యా ప్రశాంతి లోపల నేమి యున్నది?

మన్రో భూములు కొలిపించి రైతువారీ పద్ధతిని పన్ను నిర్ణయించెను. ఆ పన్ను హెచ్చని ఆయనకే తోచినది. 1807లో సీమను విడుచుటకు ముందు, పన్నును నాలుగవవంతు తగ్గింపవలెనని, బావుల క్రిందను జెరువుల క్రిందను సాగగు భూములకు మరికొంత తగ్గింపవలెనని పై యధికారులకు వ్రాసెను. వారు వినలేదు. రైతువారీ పద్ధతినే మాని యూళ్లను గుత్తకిచ్చిరి. మన్రో మదరాసు గవర్నరై 1820లో వచ్చిన తరువాతనే ఆ తగ్గింపు నెరవేరెను. నడుమ బదుమూడేండ్లు గడచినవి. ఆ పదుమూడేండ్లును సీమ ప్రశాంతముగానే యుండెను, అనగా తిరుగుబాట్లు లేవు. పన్ను హెచ్చని పన్ను వేసినవాడే చెప్పినను వినబడనిచోట, పన్ను గట్టువాడు చెప్పిన వినువా రెవరు? వాడు పలుకక భూమి నెక్కువవానికి విడిచిపోయెను. కాగితముమీద నది శాంతి. ఆంగ్లేయ నావికుని యడిగినచో నది నడికడలిలో గాలి లేక నిలిచిన యోడ యని చెప్పియుండును.

1876 నుండి 1878 వరకు వచ్చిన ధాతు కరవు మరియొక తార్కాణము. అనంతపురము జిల్లా 1882 వరకు బళ్లారి జిల్లాలోనిదే గాన ఈ మూడూళ్లును ఆ లెక్కలోనివే. మదరాసు రాజధానిలో మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో బళ్లారి యొకటి. 1871 జనాభా లెక్కకంటె 1881 లెక్కలో ఆ జిల్లా జనసంఖ్య తగ్గెను. 1877 మొదట రిచర్డ్ టెంపిల్ దొర కరవు పనులు చేయు మగవానికి దినమునకు నొక పౌను ధాన్యమును అర్ధణాయు జాలునని నిర్ణయించెను. పౌనన్న నేటి లెక్కకు అరకిలోకు లోపు. దినమంతయు రాళ్లు గొట్టువాని కడుపున కిది చాలునా? కూలివాడు మాటాడలేదు, మాటాడుటకు శక్తి లేదు. అప్పుడు మదరాసు పారిశుద్ధ్య శాఖాధిపతి డాక్టరు కార్నిష్ లెక్కలు చూపుచు, శరీరశాస్త్రము జూపుచు, చెరసాలలోని ఖైదీల కిచ్చు తిండితో బోల్చి చూపుచు వ్రాతమీద వ్రాత వ్రాసెను. టెంపిల్ బదులు వ్రాసెను, కార్నిష్ మరల వ్రాసెను. ఆ వేసవిలోనే మదరాసు ప్రభుత్వము కూలి కొలత పెంచెను.

ఇందు ‘కామ్’ అను మాట యెవరికి జెల్లును? ఆకలిచే సోలి పలుకలేని కూలివానికా? కాదు. వాని స్థితికి శాంతమను పేరు పెట్టుట పాపము. ఆ మాట కార్నిష్ వంటి వానికి జెల్లును. ఆయన యూరకుండలేదు, అరువను లేదు. తనకంటె పెద్దవాని తప్పును అంకెలతో నిరూపించెను. మనస్సు కలగనివాడే లెక్క తప్పక చెప్పగలడు, లెక్క తప్పక చెప్పినవాని మాటయే నిలుచును.

మన పెద్దలును ఈ భేదము నెరుగుదురు. భగవద్గీత రెండవ యధ్యాయమున అర్జునుడు స్థితప్రజ్ఞుని లక్షణములడుగుచు, అట్టివా డెట్లు మాటాడును, ఎట్లు కూర్చుండును, ఎట్లు నడచును అని ప్రశ్నించును. స్థిరమైన బుద్ధి గలవాడు మాటాడునని యర్జునునకు సందేహమే లేదు. ఎట్లు మాటాడునన్నదే యాతని ప్రశ్న. చెప్పిన కృష్ణుడును యుద్ధభూమి నడుమ రథముమీద నుండి చెప్పినాడుగాని, తపోవనమునకు బోయి చెప్పలేదు. మరి మనమేల ‘శాంతుడు’ అనగానే నోరు లేనివానిని దలచుకొందుము?

ఇరువదవ శతాబ్దమున సత్యాగ్రహము ఈ భేదమును పల్లెపల్లెకును నేర్పినది. హిందూపురము చెంతనున్న కల్లూరున 1897లో జన్మించిన కల్లూరు సుబ్బారావుగారు జాతీయోద్యమమున జెరసాలకు బోయినవారు. వారివంటివారు చేయి యెత్తలేదు, నోరు మూయలేదు. 1930 మే నెలలో ధరాసనలో నుప్పు కొటారులవైపు వరుసలుగా నడచి లాఠీ దెబ్బలు తిన్నవారిని జూచి పరదేశపు విలేఖకులు విస్మయము జెందిరి. ఆ వరుసలలోనివారు నిశ్చలముగ నుండిరి, కాని ముందుకు నడచుచునే యుండిరి. ఆంగ్లేయ ప్రభుత్వము సయితము తన ప్రజలకీ యర్థమునే బోధింప దలచెను. 1939లో యుద్ధము రాగా ‘కామ్‌గా నుండుడు, మీ పని సాగింపుడు’ అను నర్థము గల గోడపత్రికను సుమారు 25 లక్షల ప్రతులు ముద్రించెను. అవి నాడు గోడల కెక్కినవి మిక్కిలి తక్కువ. 2000లో ఇంగ్లండునందొక పాత పుస్తకముల యంగడిలో బయటపడి పిమ్మట లోకప్రసిద్ధమైనది. నిబ్బరము గలిగియుండుటయు, పని మానకుండుటయు నొక్కచోటనే చెప్పబడినవని యిచ్చట గమనింపవలెను.

ఇప్పుడు ధర్మవరపు మగ్గముల దగ్గరకు వత్తము. పట్టు పడుగులో పోగు తెగినపుడు నేతగాడు కోపపడడు. నాడెను నిలిపి, వేలకొలది పోగులలో తెగినదానిని వెదకి, కొన పట్టి, అతికి, మరల నేయును. తొందరపడినవాడు పది పోగులు తెంచును. ఇది నిమ్మళము, ఇది పనితనము. దీనిని ‘కామ్’ అన్న దగును. కాని ఆ నేతగాడే కూలి గిట్టుబాటు గాక, మరమగ్గపు బట్టతో పోటీ పడలేక, అప్పు పెరిగి, ఎవరితోను జెప్పుకొనక క్రుంగిపోవునపుడు ఇరుగుపొరుగువారు ‘వాడు చాల కామ్ మనిషి, ఎవరి జోలికీ పోడు’ అందురు. ఇటీవలి దశాబ్దములలో ధర్మవరమున నేతగాండ్రు అప్పుల బాధచే ప్రాణములు తీసికొన్న వార్తలు పలుమారు వచ్చినవి. ఒక్క మనుష్యునకే రెండు స్థితులు, రెండింటికిని నొకే మాట. మొదటిది వానిని నిలబెట్టినది, రెండవది వానిని ముంచినది. భేదము తెలిసిన పొరుగువాడొక్కడు ‘ఏమప్పా, మాటాడవేల?’ అని యడిగియుండిన బాగుండెడిదిగదా!

ఇల్లు చూచినను నింతే. ఆడపిల్ల చదువు మానిపింపబడినపుడు ఏడ్చి యూరకున్నచో ‘బంగారు తల్లి, కామ్‌గా ఉంది’ అని మెచ్చుకొందురు. తర్కించి యడిగినచో, ఎంత నెమ్మదిగా నడిగినను, ‘గయ్యాళి’ యందురు. కోడలు మాట పడియుండుట శాంతము, మామగారు కేకలు వేయుట పెద్దరికము. బడిలో ప్రశ్న యడిగిన బాలుడు అల్లరివాడు, అర్థము గాకపోయినను దల యూపినవాడు కామ్. ఇట్లు పిల్లలకు నోరు మూయుటయే గుణమని నేర్పి, పెద్దవారైన పిదప సభలో న్యాయము పలుకలేదని వగచుట యెందుకు? మాటాడుట కలవాటు లేనివాడు మాటాడవలసినపుడు రెండే చేయగలడు. యూరకుండును, లేదా యరచును. నిబ్బరముగ మాటాడుట యభ్యాసముచే వచ్చును. ఆ యభ్యాసమునకు మనమే యడ్డుపడుచున్నాము.

కోపముతో నూగువానిని శాంతపరచుట తప్పు గాదా యని కొందరడుగవచ్చును. తప్పు గాదు. అల్లరి చేయు పిల్లవానిని కూర్చుండబెట్టవలసినదే, కొట్లాటకు దిగినవారిని విడదీయవలసినదే. రోగి ప్రక్క మెల్లగ మాటాడవలసినదే. మౌనమునకును మంచి తావులు గలవు. మేము నిందించునది మౌనమును గాదు, మౌనమునకు నిబ్బరమని పేరు పెట్టుటను. ఆంగ్లేయులును ఈ దోషమునకు బొత్తుగ బాహ్యులు గారు. న్యాయమైన కోపముతో వచ్చినవానితో ‘కామ్ డౌన్’ అని, వాని ఫిర్యాదు వినక పంపివేయుట వారిలోను గలదు. కాని వారి భాషలో నా మాటకు నిబ్బరమను నర్థము నేటికిని జీవించియున్నది. మనము తెచ్చుకొన్నపుడు దానిని రేవులోనే దింపి వచ్చితిమి.

ఈ సీమవారికి చెరువును మించిన గురువు లేడు. 1388లో బుక్కరాయల యాజ్ఞచే సింగాయభట్టు అను జలసూత్రవిద్యావేత్త పెన్నానది నుండి సిరువెర చెరువునకు గాలువ ద్రవ్వించి పెనుకొండకు నీరు దెచ్చునట్లు చేసినాడని శాసనము చెప్పుచున్నది. ధర్మవరపు చెరువు, బుక్కపట్టణపు చెరువు చిత్రావతి నీటిచే నిండును. నిండిన చెరువు చూచుట కెంత ప్రశాంతము! కాని యా ప్రశాంతి యూరక వచ్చినదా? కట్ట బరువు మోయుచున్నది, తూము పొలమునకు నీరిచ్చుచున్నది, హెచ్చిన నీరు అలుగు దూకి పోవుచున్నది. అలుగు సద్దుచేయుచున్నదని దానిని మూసినవాని నేమందుము? ఆ రాత్రికి చెరువు నిశ్శబ్దముగనే యుండును. పెద్దవాన వచ్చిన నాడు కట్ట తెగి గండిపడును, క్రింది యూరు మునుగును. కట్ట లేనిది చెరువు గాదు, అలుగు లేని చెరువు నిలువదు. మనస్సునకు నిలుకడ కట్ట, మాట అలుగు. కుటుంబమునకును, ఊరికిని, రాజ్యమునకును నిదియే ధర్మము.

కావున ఈ మాటను వాడవలదని మేము చెప్పము. భాషలోనికి వచ్చిన మాటను వెళ్లగొట్టుట యెవరి తరమును గాదు, వెళ్లగొట్టవలసిన పనియు లేదు. కాని వాడునపుడు రెండు సంగతులు పాటించిన మేలు. ఊరకుండుమని చెప్పదలచినచో గమ్మున ఉండుమని మన మాటతోనే చెప్పుదము. అప్పుడు ఆజ్ఞ యాజ్ఞగ దెలియును, విన్నవాడు ‘ఎందులకు’ అని యడుగుట కవకాశముండును. ‘కామ్’ అను మాటను, నిబ్బరమును, నిమ్మళమును మాత్రము కోపకారణముండియు దారి తప్పనివానికి, భయకారణముండియు బని విడువనివానికి, అధికారి యెదుట స్వరము వణకక నిజము చెప్పినవానికి దాచి యుంచుదము.

ఇకమీద నెవరినైన ‘కామ్‌గా ఉండు’ అనబోవునపుడు ఒక్క క్షణ మాగి, వీని మనస్సు కుదుటబడవలెనని మనము కోరుచున్నామా, లేక వీని మాట మనకు వినబడకుండవలెనని కోరుచున్నామా యని విచారించుకొందుముగాక. మొదటిదే మన కోరికయైనచో దానికి మందు మన చేతనే యున్నది. ప్రక్కన కూర్చుండబెట్టుకొని, చల్లని నీరిచ్చి, వాడు చెప్పదలచినదంతయు జెప్పనిచ్చి, చివరవరకు వినవలెను. రెండవదే యైనచో కుదుటబడవలసినది వాని మనస్సు గాదు, మనది.